ఆరుబయట కుర్చీ - పుట్టుపూర్వోత్తరాలు

సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక వ్యాసం పంపమని సంపాదకవర్గం వారు కోరారు. రాజుల గురించి, యుద్ధాల గురించి రాయగలవారు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. నేను నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, ముప్పై మూడేళ్ళు కాగితం మీద గీతలు గీసి, 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. అందుచేత నాకు తెలిసినంతలో ఒక వస్తువు చరిత్ర రాస్తున్నాను. ఆ వస్తువు కుర్చీ. ఆఫీసు కుర్చీ కాదు. ఇంటి ముందు, చెట్టు కింద, ఎండకూ వానకూ తట్టుకుని నిలబడే చెక్క కుర్చీ. వడ్రంగం రానివారు కూడా తమ చేతులతో తయారుచేసుకోగల కుర్చీ.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మనకు కుర్చీ అంటే హోదా. అటెండరుకు స్టూలు, గుమాస్తాకు చేతులు లేని కుర్చీ, సూపరింటెండెంటుకు చేతుల కుర్చీ, ఆ పైవారికి మెత్త, మెత్త మీద తువ్వాలు. కుర్చీ వెనక రంగుతో వేసిన నంబరు స్టాకు రిజిస్టరులో ఉండేది. కూర్చునేవాడి నడుం పొడవు, మోకాలి ఎత్తు మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండేవి కావు. ఎవరి కొలతకో చేసిన కుర్చీలో మనం సర్దుకుని కూర్చున్నాం. ఇప్పుడు రిటైరయ్యాక, రోజులో సగం కూర్చునే గడపవలసిన వయసులో కూడా అలాగే సర్దుకోవాలా అన్నది నా ప్రశ్న. ఈ ప్రశ్నకు అమెరికాలో ఒక పెద్దమనిషి 1903లోనే జవాబు వెతికాడు. ఆయన కథ చెప్పేముందు మన ఇళ్ళ సంగతి కొంచెం చెప్పాలి.

అరుగులున్న రోజులు

పాతరోజుల్లో తెలుగు ఇళ్ళకు ఆరుబయట కుర్చీతో అంతగా పని ఉండేది కాదు. వీధి అరుగు ఉండేది. పొద్దున పేపరు చదవడం అక్కడే, పిల్లలచేత ఎక్కాలు వల్లె వేయించడం అక్కడే, దారిన పోయేవారిని పిలిచి కూర్చోబెట్టడం అక్కడే. వేసవి రాత్రులలో వాకిట్లో నులక మంచాలు వాలేవి. కొంచెం కలిగినవారి ఇళ్ళలో మందపాటి గుడ్డ తగిలించిన పడక కుర్చీ ఒకటి ఉండేది. అందులో ఇంటి పెద్ద తప్ప మరొకరు కూర్చునేవారు కారు.

క్యాంపులకు తిరిగిన మిత్రులకు ఇంకో కుర్చీ గుర్తుండాలి. ట్రావెలర్స్ బంగళాలలో, కాలవ గట్ల మీది ఇన్‌స్పెక్షన్ బంగళాలలో, వరండాలో పేము అల్లిన పెద్ద వాలు కుర్చీలు ఉండేవి. వాటి చేతులు బారెడు పొడవుండేవి. దొరలు ఆ చేతుల మీద కాళ్ళు చాపుకుని కూర్చునేవారు. తోటల యజమానులు ఎక్కువగా వాడేవారు కనుక ఇంగ్లీషులో దానికి ప్లాంటర్స్ చైర్ అని పేరు.

ఈ కుర్చీలన్నీ చేయి తిరిగిన వడ్రంగి పనితనాలు. వడ్రంగంలో కుర్చీ కష్టమైన పని. పెట్టె, బల్ల, బీరువా అన్నీ మూలమట్టానికి సరిపోయేవే. కుర్చీలో అలా కాదు. వీపు వెనక్కి వాలాలి, కూర్చునే పలక కొంచెం వాలుగా ఉండాలి, కాళ్ళు ఎడంగా ఉండాలి. ఆ వాలుకు తగినట్టు కుసి కోసి, బెజ్జం తొలిచి, వదులు లేకుండా దిగగొట్టాలి. మనిషి వెనక్కి ఒరిగిన ప్రతిసారీ బరువంతా వెనక కాళ్ళ కుసుల మీద పడుతుంది. అది ఒక్క నూలు వదులైనా ఏడాది తిరగకుండా కుర్చీ ఊగుతుంది. అందుకే కొత్తగా పని నేర్చుకునేవాడు కుర్చీ జోలికి పోలేదు.

19వ శతాబ్దంలో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి, యంత్రాలతో నడిచే కోత మిల్లులు. ఒకే మందంతో, ఒకే వెడల్పుతో పలకలు దొరకసాగాయి. రెండు, స్క్రూ. అంతకుముందు స్క్రూలకు మొన ఉండేది కాదు. ఆ శతాబ్దం మధ్యలో మొనదేలిన స్క్రూలను యంత్రాలతో తయారుచేయడం అమెరికాలో మొదలై, క్రమంగా అవి చవకగా దొరికాయి. కుసి, బెజ్జం తెలియనివాడు కూడా రెండు పలకలను గట్టిగా బిగించగలిగాడు. మన కథానాయకుడికి ఈ రెండూ అందుబాటులో ఉన్నాయి.

సరస్సు ఒడ్డున ఒక ప్రయత్నం

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర భాగంలో ఆడిరాండాక్ అనే కొండల ప్రాంతం ఉంది. 1892లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని పార్కుగా ప్రకటించింది. ఇప్పుడు దాని విస్తీర్ణం సుమారు 60 లక్షల ఎకరాలు. ఆ ప్రాంతానికి తూర్పు అంచున షాంప్లేన్ సరస్సు, దాని ఒడ్డున వెస్ట్‌పోర్ట్ అనే చిన్న ఊరు. థామస్ లీ అనే ఆయన కుటుంబం వేసవికి ఆ ఊళ్ళో ఉన్న తమ ఇంటికి వచ్చేది. ఇంటి నిండా బంధువులు. ఆరుబయట కూర్చోవడానికి సరైన కుర్చీలు లేవు. పైగా అక్కడ నేల వాలుగా ఉంటుంది. మామూలు కుర్చీ వేస్తే ముందుకు జారినట్టుంటుంది.

లీ వడ్రంగి కాడు. 1903లో ఆయన పలకలను కోసి, బిగించి, కుటుంబ సభ్యులను ఒక్కొక్కరిని పిలిచి కూర్చోబెట్టాడు. ఎక్కడ ఒత్తుకుంటోంది, ఎక్కడ సుఖంగా ఉంది అని అడిగాడు. విప్పి, మార్చి, మళ్ళీ కూర్చోబెట్టాడు. అందరికీ నచ్చేదాకా ఇలా చేశాడు. చివరికి తేలిన కుర్చీలో ఉన్నవి 11 చెక్క ముక్కలు. అవన్నీ ఒకే పొడవాటి పలకలోంచి కోయవచ్చునని చెబుతారు.

ఈ కుర్చీ తీరు గమనించండి. పక్కన ఉండే రెండు పొడవాటి పలకలు ముందు ఎత్తుగా మొదలై, కిందికి వాలుతూ వెళ్ళి వెనక నేలను తాకుతాయి. అంటే కూర్చునే చట్రమూ అవే, వెనక కాళ్ళూ అవే. వెనక కాళ్ళకు వేరే కుసి అక్కరలేదు. కుర్చీ మొదట ఊగేది అక్కడే కనుక, ఆ బలహీనతను లీ అసలు లేకుండా చేశాడన్నమాట. వీపు పలక బాగా వెనక్కి వాలి ఉంటుంది. చేతులు వెడల్పుగా ఉంటాయి. పుస్తకం, కాఫీ గ్లాసు, కళ్ళజోడు అన్నీ వాటి మీద పెట్టుకోవచ్చు.

లీకి ఆ ఊళ్ళో హ్యారీ బనెల్ అనే వడ్రంగి స్నేహితుడు ఉన్నాడు. వేసవిలో పట్టణాల నుంచి వచ్చేవారి ఇళ్ళలో పని దొరుకుతుంది. చలికాలంలో మంచు కురిసి ఊరు ఖాళీ అయితే పని ఉండదు. పింఛను లేని మనిషి. చలికాలం గడుపుకోవడానికి ఈ కుర్చీలు చేసి అమ్ముకోమని లీ తన నమూనా ఆయనకు ఇచ్చాడు. బనెల్ కుర్చీలు చేశాడు, అవి బాగా అమ్ముడుపోయాయి. 1904 ఏప్రిల్‌లో బనెల్ తన ఒక్కడి పేరుమీదే పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1905 జూలైలో 794,777 నంబరుతో పేటెంటు వచ్చింది. అందులో లీ పేరు లేదు. ఆ తర్వాత సుమారు ఇరవై ఏళ్ళపాటు బనెల్ వెస్ట్‌పోర్ట్ కుర్చీలు తయారుచేసి అమ్మాడు. హెమ్‌లాక్, బాస్‌వుడ్ అనే స్థానిక కలప వాడి, ముదురు ఆకుపచ్చ రంగో గోధుమ రంగో వేసేవాడు.

స్నేహితుడు మోసం చేశాడని చాలామంది రాశారు. నా అభిప్రాయం వేరు. పేరు చెప్పకపోవడం ముమ్మాటికీ అన్యాయమే. ఒకరు గీసిన డ్రాయింగు మీద మరొకరు సంతకం పెట్టడం ఎలా ఉంటుందో మనలో కొందరికి తెలుసు. కాని లీకి కావలసింది కుర్చీ, అది ఆయనకు దక్కింది. బనెల్‌కు కావలసింది చలికాలపు తిండి, అదీ దక్కింది. ఇక పేటెంటు సంగతి. అప్పటి అమెరికా చట్టం ప్రకారం దాని గడువు 17 సంవత్సరాలు. 1922తో అది తీరిపోయింది. కుర్చీ తీరు ఎంత సులువంటే, ఒకసారి చూసినవాడు గజం బద్ద తీసుకుని కొలిచి, ఇంటికి వెళ్ళి తనే చేసుకోగలడు. అలాంటి వస్తువును కాగితం మీది హక్కు ఎంతకాలం కట్టి ఉంచగలదు? ఇప్పుడు బనెల్ చేసిన అసలు కుర్చీలు వేలంపాటల్లో వేల డాలర్లు పలుకుతున్నాయి. లీ పేరు కూడా మరుగున పడలేదు.

వెడల్పు పలకలు దొరకడం కష్టమైనకొద్దీ కుర్చీ రూపం మారింది. 1938లో న్యూజెర్సీకి చెందిన ఇర్వింగ్ వోల్పిన్ అనే ఆయన సన్నటి బద్దలను విసనకర్రలా పేర్చిన వీపుతో ఒక నమూనాకు పేటెంటు తీసుకున్నాడు. ఈనాడు ఆడిరాండాక్ కుర్చీ అని అందరూ పిలిచేది దాదాపు ఈ రూపాన్నే. కెనడాలో దీన్ని మస్కోకా కుర్చీ అంటారు. పిల్లలను చూడటానికి అమెరికా వెళ్ళివచ్చిన మన సభ్యులు ఈ కుర్చీలలో కూర్చునే ఉంటారు.

పేటెంటులో ఒక మాట

బనెల్ పేటెంటు కాగితంలో తెలుగువారిని ఆపే మాట ఒకటి ఉంది. తన కుర్చీని ఆయన ‘బంగళా’ తరహా కుర్చీ అని వర్ణించాడు. బంగళా అంటే బెంగాల్ తరహా ఇల్లు. బెంగాల్‌లో వరండాతో కట్టుకునే గడ్డి కప్పు ఇంటిని తెల్లవారు అనుకరించారు. ఆ మాట ఇంగ్లీషులోకి వెళ్ళి, అమెరికా చేరి, 20వ శతాబ్దం మొదట్లో అక్కడ వరండా ఉన్న చిన్న ఇళ్ళన్నిటికీ పేరయింది. మన ఇన్‌స్పెక్షన్ బంగళా, వెస్ట్‌పోర్ట్ వడ్రంగి బంగళా కుర్చీ ఒకే మాటకు కొమ్మలు.

అదే కాగితంలో ఈ కుర్చీని రోగుల కుర్చీగా కూడా మార్చుకోవచ్చునని రాశాడు. దానికి కారణం ఉంది. ఆ కొండల ప్రాంతం అప్పట్లో క్షయరోగుల ఆశాకేంద్రం. ట్రూడో అనే డాక్టరు తనకే క్షయ సోకి, బతుకు మీద ఆశ వదులుకుని 1873లో అక్కడికి వెళ్ళాడు. కోలుకున్నాడు. 1884లో సారనాక్ లేక్ దగ్గర శానిటోరియం స్థాపించాడు. మందు లేని రోజులవి. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. మంచు కురుస్తున్నా రోగులను కంబళ్ళు కప్పి వరండాలలో పొడవాటి పడక కుర్చీలలో పడుకోబెట్టేవారు. ఆ కుర్చీలు వేరు, లీ కుర్చీ వేరు. కొందరు రెండింటినీ కలిపి చెబుతారు, అది సరికాదు.

ఈ వైద్యం మనకు తెలియనిది కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం వెలసింది. డెన్మార్క్ దేశస్థుడైన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దానికి ఆద్యుడు. మన ముందు తరంలో, ‘మదనపల్లె తీసుకెళ్ళారు’ అంటే ఏ జబ్బో వేరే చెప్పవలసిన పని ఉండేది కాదు. తర్వాత స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, మందులు సరిగా వాడితే ఇంట్లో ఉన్న రోగి కూడా శానిటోరియంలో ఉన్నవాడితో సమానంగా కోలుకుంటాడని 1959లో తేల్చింది. ప్రపంచమంతా ఆ ఫలితాన్ని అనుసరించింది. ట్రూడో శానిటోరియం అప్పటికే 1954లో మూతపడింది. వరండాల పడక కుర్చీలు ఖాళీ అయ్యాయి. రోగం కోసం ఆరుబయట కూర్చునే అవసరం తీరి, సుఖం కోసం కూర్చోవడం మిగిలింది.

ఎవరి కుర్చీ వారే

ఇంటివారే తమ సామాను చేసుకోవాలన్న ఆలోచన లీతో ఆగలేదు. అమెరికాలోనే గుస్తావ్ స్టిక్లీ అనే ఫర్నిచరు తయారీదారు 1901 నుంచి 1916 వరకు ‘ది క్రాఫ్ట్స్‌మన్’ అనే పత్రిక నడిపాడు. తన దుకాణంలో అమ్మే తరహా బల్లలు, కుర్చీలు ఇంట్లో ఎలా చేసుకోవాలో బొమ్మలతో అందులో ప్రచురించాడు. వ్యాపారి అయి ఉండి ఇలా చేయడం విశేషం. ఆయన వ్యాపారం 1915లో దివాలా తీసింది. దానికి కారణం పత్రిక ఒక్కటే కాదు, కాలంతోబాటు అభిరుచులు మారాయి.

హాలండ్‌లో రీట్‌వెల్డ్ అనే ఆయన వడ్రంగి కొడుకు, తానూ వడ్రంగే. తర్వాత పేరుపొందిన వాస్తుశిల్పి అయ్యాడు. ప్రపంచమంతా ఆర్థికమాంద్యంలో ఉన్న 1934లో, సామాను పెట్టెలకు వాడే చవక చెక్కతో కుర్చీ చేశాడు. దాన్ని ముక్కలుగానే అమ్మేవారు. కొన్నవారు ఇంటికి తీసుకెళ్ళి స్క్రూలు బిగించుకోవాలి.

అందరికన్నా గట్టిగా చెప్పినవాడు ఇటలీకి చెందిన ఎంజో మారి. 1974లో మిలాన్ నగరంలో ఆయన 19 రకాల సామాన్ల నమూనాలు ప్రకటించాడు. బల్లలు, కుర్చీలు, మంచాలు. అన్నీ మామూలు పలకలతో, మేకులతో చేసుకోగలిగినవే. తపాలా ఖర్చు పంపినవారికి డ్రాయింగులు ఉచితంగా పంపాడు. ఫ్యాక్టరీలు, వ్యాపారులు తప్ప ఎవరైనా చేసుకోవచ్చునన్నాడు. ఒక్క కుర్చీని సొంతంగా చేసినవాడికి దుకాణంలో ఏది గట్టిదో, ఏది పైపై మెరుగో తెలుస్తుందన్నది ఆయన వాదన. కుర్చీ కన్నా ఆ తెలివిడి ముఖ్యమని ఆయన ఉద్దేశం. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు, ఆఫ్రికా నుంచి సముద్రం దాటి బెర్లిన్ చేరిన శరణార్థి యువకులు ఆయన అనుమతితో ఆ కుర్చీలనే చేసి అమ్మి బతుకుతెరువు వెతుక్కున్నారు. అంటే తన నిబంధనను ఆయనే వారికోసం సడలించాడు. లీ, బనెల్‌ల కథే ఇక్కడ మళ్ళీ జరిగింది, ఈసారి పేరు మరుగున పడకుండా. మారి 2020 అక్టోబరు 19న కరోనాతో కన్నుమూశాడు. మర్నాడే ఆయన భార్య కూడా వెళ్ళిపోయింది.

వీటన్నిటికీ ఎదురుగా ఇంకో కుర్చీ బయలుదేరింది. 1972లో ఫ్రాన్స్‌లో మాసొనే అనే ఆయన ఒకే పోతలో దిగే ప్లాస్టిక్ కుర్చీ తయారుచేశాడు. రెండు నిమిషాలలోపే ఒక కుర్చీ. ఇప్పుడు మన కల్యాణమండపం నుంచి టీ కొట్టు దాకా ఉన్నవి ఆ కుటుంబానివే. చవక, తేలిక, కడుక్కోవచ్చు. కాదనను. కాని ఎండలో ఏళ్ళ తరబడి ఉంటే ఆ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. పెద్దవయసువారు చేతుల మీద బరువు ఆన్చి లేవబోయినప్పుడు దాని కాళ్ళు విచ్చుకుంటాయి. మన వయసులో ఒక్క పడటం చాలు, తుంటి విరగడానికి.

మా పెరటి కుర్చీలు

కోనసీమలోని మా తాతగారి ఇల్లు 2014లో పడగొట్టారు. స్థలం అమ్మి అన్నదమ్ములం పంచుకున్నాం. కలపలో నా వాటాకు నాలుగు టేకు దూలాలు, కొన్ని వాసాలు, వీధి అరుగు మీది రెండు స్తంభాలు వచ్చాయి. అమ్మేయమని అందరూ అన్నారు. కాకినాడలోని మా ఇంటి పెరట్లో రేకు కింద పెట్టించాను.

అప్పటికే మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువై ఆరుబయట కూర్చోవడం మానేసింది. కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. అలా అడగడం ఆమెకు ఇష్టం ఉండదు. అందుకని సాయంత్రాలు లోపలే, టీవీ ముందు. వాకిట్లో పలకరింపులు లేవు, చెట్టు గాలి లేదు. లీ గురించి నేను చదివింది అప్పుడే. నా అరవై ఎనిమిదో ఏట, రంపం ఎన్నడూ పట్టని చేత్తో మొదలుపెట్టాను.

ఆయన పద్ధతే నేనూ అనుసరించాను. కలప ముట్టుకోకముందు మనిషిని కొలిచాను. పెరట్లో ఇటుకలు పేర్చి, పైన పలక వేసి, మా ఆవిడను కూర్చోమన్నాను. లేవమన్నాను. ఎత్తు కొంచెం పెంచి మళ్ళీ కూర్చోబెట్టాను. పలకతో కలిపి 18 అంగుళాలు వచ్చేసరికి, “చెయ్యి ఇవ్వక్కర్లేదండీ, నేనే లేచాను” అంది. మా కుర్చీకి అదే కొలత అయింది. వెస్ట్‌పోర్ట్ కుర్చీ ఇంతకన్నా తక్కువ ఎత్తులో, లోతుగా ఉంటుంది. అది పడుచువారికి సుఖం, మోకాళ్ళ నొప్పులవారికి గొయ్యి. అందుచేత నేను వెనక కాళ్ళు వేరే పెట్టి, కూర్చునే పలకను వెనక్కి రెండే అంగుళాలు వాల్చాను. వెడల్పు చేతులు మాత్రం ఆయనవే ఉంచాను. లేచేటప్పుడు అరచేయి పూర్తిగా ఆనడానికి అవే ఆధారం.

దూలాలను సామిల్లులో అంగుళం మందాన పలకలు కోయించాను. మిగిలిన పని ఇంట్లోనే, రోజూ పొద్దున రెండు గంటలు. పందొమ్మిది రోజులకు మొదటి కుర్చీ నిలబడింది. మా వీధి వడ్రంగి మేస్త్రీ చూడటానికి వచ్చాడు. చుట్టూ తిరిగి, వంగి, కింద చూసి, “ఏమండీ, దీనికి కుసి లేదేంటండీ?” అన్నాడు. “లేదు మేస్త్రీ, అన్నీ స్క్రూలే” అన్నాను. కూర్చుని రెండు మూడుసార్లు గట్టిగా వెనక్కి ఒరిగాడు. “ఊగట్లేదండీ” అన్నాడు. వెళ్తూ ఒక మంచి సలహా ఇచ్చాడు. “కాళ్ళ అడుగు కోతకి బాగా నూనె తాగించండి. చెమ్మ ఎక్కేది అక్కణ్ణించేనండి.” రెండో కుర్చీ నాకోసం చేసుకున్నాను. అరుగు స్తంభాలు రెంటినీ ఆ రెండు కుర్చీల ముందు కాళ్ళకు వాడాను.

చేయదలచినవారికి

ఇంట్లో పెద్దవారున్న ప్రతి ఇంటికీ పనికివస్తుందని నా కొలతలు ఇస్తున్నాను. కూర్చునే పలక ముందు ఎత్తు 18 అంగుళాలు, వెనక 16. వెడల్పు 20, లోతు 17. వీపు ఎత్తు పలక నుంచి 26. చేతులు పలక మీద నుంచి 8 అంగుళాల ఎత్తున, 6 అంగుళాల వెడల్పున. ఇవి మా ఇద్దరి కొలతలు. మీ ఇంట్లోవారిని ఇటుకల మీద కూర్చోబెట్టి మీ కొలతలు మీరే తీసుకోండి.

కొత్త టేకు ఖరీదు మనబోటివారికి అందదు. పాత ఇళ్ళు పడగొట్టిన చోట కలప అడిగి చూడండి. ఏళ్ళ తరబడి ఆరిన కలప కనుక వంకర తిరగదు. అందులో పాత మేకులు దాగి ఉంటాయి. కోతకు ఇచ్చేముందు అయస్కాంతంతో వెతికి పీకించండి. టేకు దొరకకపోతే ఆరిన వేప కూడా మంచిదే, పురుగు తొందరగా పట్టదు.

కావలసిన సామాను తక్కువ. ఒక రంపం, మూలమట్టం, టేపు, చిన్న డ్రిల్లు, స్క్రూడ్రైవరు, సాండ్‌పేపరు. ముందు కుర్చీ పక్కభాగాన్ని అట్ట మీద అసలు కొలతలో గీసి కత్తిరించుకోండి. దాన్ని పలక మీద పెట్టి గీత గీస్తే రెండు పక్కలూ ఒకేలా వస్తాయి. స్క్రూ వేసే ప్రతిచోటా ముందు సన్నటి బెజ్జం వేయాలి. లేకపోతే ఎండిన కలప చీలుతుంది. సముద్రం దగ్గర ఉన్నవారు ఇనుప స్క్రూలు వాడకండి, ఉప్పుగాలికి తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి. బద్దకూ బద్దకూ మధ్య పెన్సిలు మందం ఖాళీ ఉంటే వాననీరు నిలవదు. అంచులన్నీ చేత్తో తడిమి చూసి నున్నగా చేయండి. పెద్దవారి చర్మం పలచన, చిన్న పేడు గీసుకున్నా మానడానికి వారాలు పడుతుంది. చివరగా ఉడికించిన అవిసె నూనె రెండు మూడు పూతలు వేసి, ఏడాదికొకసారి వానాకాలానికి ముందు మళ్ళీ పూయండి. నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి పారేయవద్దు. వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. విడివిడిగా ఆరవేసి తర్వాత పారేయండి.

బరువైన కోత పని సామిల్లుకే వదిలేయండి. గుండెజబ్బు ఉన్నవారు, చేతులు వణికేవారు కొలతలు తీసి బొమ్మ గీసి ఇస్తే మనుమలు బిగిస్తారు. మా రెండో కుర్చీకి స్క్రూలన్నీ వేసవి సెలవులకు వచ్చిన మా మనుమరాలే వేసింది. అప్పటికి దానికి పదకొండేళ్ళు.

కుర్చీ డ్రాయింగును అసలు కొలతలతో రెండు షీట్ల మీద గీశాను. కావలసిన సభ్యులు సంఘం నెలవారీ సమావేశానికి వచ్చినప్పుడు నన్ను అడిగి జిరాక్సు ప్రతి తీసుకోవచ్చు. ఊళ్ళో లేనివారు తమ చిరునామా రాసిన కవరు కార్యదర్శి గారికి అందజేస్తే పంపిస్తాను. దాని మీద నాకెలాంటి హక్కూ లేదు. చేసుకున్నవారు తమ ఇంట్లోవారికి ఏ ఎత్తు సరిపోయిందో ఒక కార్డు ముక్క రాస్తే, తర్వాతివారికి ఆ కొలత కూడా కలిపి ఇస్తాను.